అవ్వ ఫొటో, బాపమ్మ పేరు

పోయిన నెల మా అవ్వను, అంటే నన్ను కన్న తల్లిని తీసుకుని కరీంనగర్‌లో మా గల్లీ చివరనున్న మీసేవకు వెళ్లాను. అవ్వకు ఎనభై దాటాయి. పింఛను తీసుకునే చోట యంత్రం మీద ఎంత నొక్కినా ఆమె వేలిముద్ర పడటం లేదనీ, ఆధార్‌లో ముద్రలు మళ్లీ ఇచ్చి కొత్త కార్డు తెప్పించుకొమ్మనీ చెప్పి పంపారు. మీసేవలో కూర్చున్న అమ్మాయి ఓపికగలది. పది వేళ్లనూ తడిగుడ్డతో తుడిపించింది, పొడిగుడ్డతో తుడిపించింది, ఒక్కో వేలినీ తన చేత్తో అదిమి పట్టి చూసింది, ఆఖరికి కళ్ల ఫొటో తీసి పని కానిచ్చింది. "ఏం పని చేసినవమ్మా, గీతలే లేకుంట అరిగినయి?" అని అడిగితే అవ్వ బడిలో హాజరు పలికినట్టు "బీడీలు" అంది. అమ్మాయి చీటీ నా చేతికిచ్చి, కార్డు పదిహేను రోజుల్లో పోస్టులో ఇంటికే వస్తుందనీ, ఎంతవరకు వచ్చిందో రోజూ ఫోన్లో చూసుకోవచ్చనీ చెప్పింది.

చూసుకోవచ్చు అన్న ఆ మాటే నన్ను పాడు చేసింది. ముప్ఫై ఏళ్లు పంతులమ్మగా ఉండి, ఓపిక పట్టండ్రా అని పిల్లల చెవులు మెలేసినదాన్ని, మర్నాటి నుంచి చాయ్ కూడా తాగకుండా ఫోన్ తెరవడం మొదలుపెట్టాను. పరిశీలనలో ఉంది అని వచ్చేది. మధ్యాహ్నం తెరిచినా అదే, పొద్దుగూకాక తెరిచినా అదే. నాలుగో రోజు నాకు కోపం వచ్చి, పదిహేను రోజులంటే పదిహేను రోజులూ తీసుకుంటారన్నమాట వీళ్లు అని గొణుక్కుంటుంటే, బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్న అవ్వ తలెత్తి నవ్వింది. "ఫోన్ల సూస్తె గది ఉరికొస్తదా? వచ్చినప్పుడు వస్తది తియ్. గా బీడీ కార్డుకు ఎన్ని దినాలు సూడలే మనం!" అంది. అని మళ్లీ బియ్యంలో తల దూర్చింది. నేను ఫోన్ మూసేశాను. ఆ కార్డు మాట ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా రాలేదు. నేను రానివ్వలేదు.

మా ఊరు కోరుట్ల దగ్గర. పొలాల్లో పసుపు, ఇళ్లల్లో బీడీలు. నా చిన్నతనమంతా రెండు వాసనల మధ్య గడిచింది. ఒకటి మా నాన్న, బాపు, బట్టలకు అంటుకొచ్చే ఉడికిన పసుపు వాసన, రెండోది ఇంట్లో ఏ మూలకు పోయినా వదలని తునికాకు, తంబాకు వాసన. బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి, పొద్దుగూకే వేళ ఆకు కట్టలు విప్పి నీళ్లు చల్లి గోనెసంచిలో చుట్టి పెట్టేది. తెల్లారేసరికి అవి మెత్తబడేవి. అవ్వ వంట కానిచ్చి, ఇనుప రేకు ముక్కను ఆకు మీద పెట్టి దాని అంచు వెంట కత్తెర ఆడించేది. ఆ చప్పుడుతోనే నాకు మెలకువ వచ్చేది. తర్వాత అత్తాకోడళ్లిద్దరూ అరుగు మీద ఒడిలో చాటలు పెట్టుకుని కూర్చుంటే ఇక లేచేది అన్నానికే. బాపమ్మకు చేతులు ఎంత వేగమో నోరూ అంత వేగం. దారిన పోయేవాళ్లలో ఆమె పలకరించనివాళ్లు గానీ, తిట్టనివాళ్లు గానీ ఉండేవాళ్లు కాదు. అవ్వ మాట్లాడేది తక్కువ. ఒక బీడీ చుట్టి, మూతి మలిచి, దారం కట్టి పక్కన పెట్టేలోపు బాపమ్మ రెండు చుట్టి, ఒక మనిషి కథ చెప్పి, "నర్సీ, ఇంటున్నవా?" అనేది. అవ్వ పేరు నర్సవ్వ. బాపమ్మ పేరు రాజవ్వ. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మా ఇంట్లో జరిగిందంతా వీటితోనే జరిగింది.

మా ఊళ్లో బీడీ కార్ఖానా పుస్తకంలో ఇంటికి ఒక్క పేరే ఉండేది. చాలా ఇళ్లలో అది అత్త పేరు. కోడళ్లు వచ్చి, కూతుళ్లు పెద్దయి, ఇంట్లో నలుగురు చుట్టినా బీడీలన్నీ ఆ ఒక్క పేరు మీదే పోయేవి. బీడీలు లెక్కపెట్టుకుని పుస్తకం రాసే మున్షీకి రాత పని తక్కువ, ఇళ్లలో పంచాయతీ తక్కువ, అందుకని ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఎక్కువగా అవ్వే పోయేది. వాకిట్లో ఆడవాళ్లంతా చాటలు ముందు పెట్టుకుని కూర్చుంటే మున్షీ ఒక్కో పేరూ పిలిచేవాడు. "రాజవ్వా!" అనగానే మా అవ్వ లేచి "ఆఁ" అని పోయేది. పెండ్లయి వచ్చిన ఏడాది నుంచీ అంతే. ఇంట్లో నర్సవ్వ, కార్ఖానా వాకిట్లో రాజవ్వ. చిన్నప్పుడు ఆమె వెంట పోయినప్పుడల్లా ఆ పిలుపు విని నేనూ లేచేదాన్ని.

నేను పదో తరగతిలో ఉండగా బీడీ చేసేవాళ్లకు సర్కారు గుర్తింపు కార్డులు ఇస్తుందని కబురొచ్చింది. ఆ కార్డుంటే బీడీ దవాఖానాలో మందులిస్తారు, కళ్లద్దాలిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, కార్డున్న తల్లి పిల్లలు కాలేజీలో చేరితే చదువుకు సాయం వస్తుంది. ఆ చివరి మాట మా ఇంట్లో పడ్డాక ఇక మందుల గురించి గానీ కళ్లద్దాల గురించి గానీ ఎవరూ మాట్లాడలేదు. బాపు చెడ్డవాడు కాదు. కానీ నా చదువు మీద ఆయనకు గట్టి నమ్మకం ఎప్పుడూ లేదు. బొంబాయిలో ఉన్న చిన్నాయనకు నేను చిరునామా రాసిన ఉత్తరం ఒకటి ఇల్లు దొరకలేదని తిరిగొస్తే, వారం రోజులు బడి మాన్పించి పసుపు చేనుకు తీసుకుపోయాడు. "మన ఇంటి పనికే రాని సదువు ఎందుకు? ఇంకొక్క తప్పు రాస్తివా, ఇగ బడి లేదు" అన్నాడు. అరిచి చెప్పలేదు, మామూలుగా చెప్పాడు, అందుకే నాకు భయం. కార్డుల సంగతి విన్నాక కూడా అంతే మామూలుగా, చెప్పులు విడుస్తూ, "కార్డు వస్తె కాలేజి. రాకుంటె చాట ముంగటేసుకొని కూసుంటది. నాతోనైతె గంతకన్న కాదు" అన్నాడు.

ఆఫీసరు వచ్చిన రోజు కార్ఖానా వాకిలి నిండిపోయింది. ఆయన బల్ల మీద చెయ్యి కొట్టి, పుస్తకంలో పేరున్నా లేకున్నా బీడీ చుట్టే ప్రతి ఆడమనిషికీ ఎవరి కార్డు వాళ్లకే ఉండాలనీ, ఈ ఒక్కరోజు ముందుకొచ్చిన వాళ్లందరి కాయితాల మీదా మున్షీ సంతకం పెట్టాలనీ చెప్పాడు. మున్షీ ముఖం మాడ్చుకుని తలూపాడు. బాపమ్మ అక్కడే ఉంది. ఆమె తన కార్డు సంగతి ఒక్క మాటలో తేల్చేసింది. "నాకెందుకే? నాకేమన్న బడికి పోయే పోరగాండ్లున్నరా? నర్సీ, నువ్వు దీస్కో. పొల్ల కాలేజికి అక్కరకొస్తది" అంది. ఫారాలు నింపడానికి ఆఫీసరు వెంట ఒక్క మనిషే వచ్చాడు. ఆయన ముందు వరుస కదలడం లేదు. బడి నుంచి పుస్తకాల సంచీతో అటు వచ్చిన నన్ను చూసి ఆఫీసరు, "నీకు రాయొచ్చునా అమ్మా?" అని సగం కట్ట నా చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం నా పొగరు చెప్పనలవి కాదు. ఆకు మూట మీద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని, నన్ను ఎత్తుకు పెంచిన ఆడవాళ్లందరినీ వరుసలో నిలబెట్టాను. తలెత్తకుండా పేరు అనేదాన్ని, మొగని పేరు అనేదాన్ని, వయసు అనేదాన్ని, అచ్చం ఆఫీసరు గొంతుతో. మా దగ్గర ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. అందుకని ముందు నిలబడ్డామె మొగుడి పేరు వెనక నిలబడ్డామె చెప్పేది, ఆమెది ఆ వెనకామె. ప్రతిసారీ నవ్వులు. నలభై ఫారాలు దాటాక వేళ్లు గుంజుతున్నాయి. "పేరు?" అన్నాను. "రాజవ్వ" అని వినబడింది. రాశాను. "మొగని పేరు?" అన్నాను. ఈసారి వెనకనుంచి ఎవరూ అందుకోలేదు. విసుగ్గా మళ్లీ అడిగితే, "ఏమని జెప్పాలె, నీ బాపు పేరే నాయె!" అన్నది ఆ గొంతు. తలెత్తి చూస్తే అవ్వ. వరుసంతా పకపకా నవ్వింది. నేనూ పడిపడి నవ్వి, బాపు పేరు అడక్కుండానే రాసి, వయసూ, బీడీలు చుట్టిన ఏళ్లూ నింపి, ఆమె బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించాను. పై గీతలో ఏం రాశానో వెనక్కి చూడలేదు. ఆ వాకిట్లో పేరడిగితే ఆమె నోటికి వచ్చేది ఆ ఒక్క పేరే. నా చేతికి అందింది నేను రాశాను. పోతూ పోతూ అవ్వ ఆగి, "మంచిగ రాసినవా బిడ్డా?" అని అడిగింది. "మా అవ్వది తప్పు రాస్తనా?" అన్నాను.

రెండు రోజుల తర్వాత ఫొటోలు తీసే మనిషి వచ్చి గోడకు నల్లగుడ్డ కట్టాడు. అవ్వ కొత్త చీర కట్టుకుని, ఎవరో కోప్పడ్డట్టు ముఖం పెట్టి కూర్చుంది. ఫొటోలు ఫారాలకు అంటించి మున్షీ అన్నీ మూట కట్టాడు. అప్పటి నుంచి మా వాడకట్టు మొత్తానికి ఎదురుచూడటం ఒక పనయింది. ప్రతి శనివారం కార్ఖానాలో ఎవరో ఒకరు "మా కార్డులేమాయె సాబూ?" అని అడిగేవాళ్లు. మున్షీ కళ్లు ఎత్తకుండా "పైకి పోయినయి" అనేవాడు. ఆ పైన ఏముందో, అక్కడినుంచి ఎటు పోతాయో ఎవరికీ తెలియదు. వాళ్లకేమీ తొందర లేదు కూడా. సాయంత్రం నీళ్లకు పోయినప్పుడు బోరింగు దగ్గర కార్డు వస్తే ఎవరెవరు కళ్లద్దాలు తెచ్చుకోవాలో, పెట్టుకుంటే ఎవరెట్లా ఉంటారో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. తొందరంతా నాది. పసుపు తవ్వడం అయిపోయింది, ఉడకబెట్టడం అయిపోయింది, నా పరీక్షలయ్యాయి, మొదటి శ్రేణిలో పాసయ్యాను. పోస్టాయన సైకిలు కనబడితే ఎదురు పరుగెత్తేదాన్ని. "నీ కార్డు నా సంచిల రాదు బిడ్డా, మున్షీ కాడికే వస్తది" అని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. అయినా ఎదురుపోకుండా ఉండలేకపోయాను.

వానలు మొదలై, కరీంనగర్ కాలేజీలో చేరడానికి గడువు దగ్గరపడ్డాక కార్డులొచ్చాయి. ఆ రోజు అవ్వ, బాపమ్మ ఇద్దరూ కార్ఖానాకు పోయారు. రోజూ వచ్చే వేళ దాటిపోయాక గానీ ఇంటికి రాలేదు. బాపు గడప మీద కూర్చుని ఉన్నాడు. అవ్వ కొంగు ముడి విప్పి చిన్న అట్ట పుస్తకం తీసి నా చేతికిచ్చింది. "గట్టిగ సదువు, మీ బాపు ఇంటడు" అంది బాపమ్మ. తెరిచాను. లోపల అవ్వ ఫొటో, దాని మూల మీద గుండ్రటి ముద్ర. పక్కన కార్మికురాలి పేరు, రాజవ్వ. కింద భర్త పేరు, మా బాపుది. పైకి చదవకుండానే పుస్తకం మూసేశాను. ఆకు మూట మీద నేను కూర్చున్న తీరు, నా గొంతు, వరుసంతా నవ్విన నవ్వు ఒక్కసారి గుర్తొచ్చాయి.

బాపు ఏమైందన్నాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "నాదే తప్పు. పేరడిగితె అలవాటుల అత్త పేరు జెప్పిన" అంది. బాపు నమ్మలేనట్టు చూశాడు. "నీ పేరు నీకెర్కలేదా? రాసినోళ్లెవలు? గీ పొల్లనేనా?" అన్నాడు. "కాదు. మన పద్మ కాడ లైను పెద్దగుండె. ఆఫీసాయన కాడ రాయించిన" అంది అవ్వ, రెప్ప వేయకుండా. నేను పుట్టి బుద్ధెరిగాక అవ్వ అబద్ధం చెప్పగా వినడం అదే. బాపు ఇంకేదో అడగబోయాడు గానీ ఆ సందు ఆయనకు దొరకలేదు. బాపమ్మ లేచింది. "సొంత పేరు తెల్వని మాలోకాన్ని తెచ్చుకుంటినిరా నా ఇంటికి! నా పేరు దిన్నది! పొల్ల నోటికాడి కూడు తన్నింది!" అని మొదలుపెడితే పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. బాపు చెవులు మూసుకుని చేను దిక్కు పోయాడు. నేను తలొంచుకుని నిలబడ్డాను. నేనే రాశాను అన్న రెండు ముక్కలు నా నోట్లోనే ఉండిపోయాయి.

మర్నాడు అవ్వ, బాపమ్మ, నేను ముగ్గురం బస్సెక్కి పట్నంలో ఆఫీసుకు పోయాం. కిటికీ అవతలి గుమాస్తా కార్డును అటూ ఇటూ తిప్పి, పేరు కార్ఖానా పుస్తకంలో ఉన్నదే కాబట్టి సరైనదేననీ, ఫొటో, భర్త పేరే తప్పనీ, ముసలామె ఫొటో తెస్తే మార్చి ఇస్తాననీ చెప్పాడు. ఆయన లెక్క ఆయనకు సరిపోయింది. కానీ బాపమ్మ కార్డుతో నాకు సాయం రాదు, తల్లి కార్డే కావాలి. అవ్వ పేరు కావాలంటే పుస్తకంలో ఆ పేరుండాలి, మున్షీ సంతకంతో కొత్త ఫారం రావాలి అన్నాడు. వెనక్కొచ్చి మున్షీనడిగితే తల అడ్డంగా ఊపాడు. ఆఫీసరు చెప్పిన ఆ ఒక్కరోజు దాటిపోయింది. ఇంటికొక్క పేరే, ఒకటి పోతేనే ఇంకొకటి. బాపమ్మ చాట కింద పెట్టి, "గింతేనా? అయితె నాది కొట్టెయ్" అంది. మున్షీ కలం కింద పెట్టాడు. "ముప్ఫై ఏండ్ల పేరు రాజవ్వా. జర ఆలోచన జేసుకో. రేపు ముసల్తనంల అక్కరకొస్తది." "పేరు బీడీలు సుడ్తదా సాబూ? సేతులు సుడ్తయి. కొట్టెయ్" అని బొటనవేలు చాపింది. ఇంటికి వచ్చే దారంతా బాపమ్మ ఎవరినీ పలకరించలేదు, ఎవరినీ తిట్టలేదు. నేనెరిగినంతలో ఆమె నోరు మూసుకుని నడిచింది ఆ ఒక్కసారే.

కొత్త ఫారం పైకి పోయింది. కాలేజీ గడువు దాటిపోయింది. బాపు అన్నమాట ప్రకారం నేను చాట ముందేసుకుని కూర్చున్నాను. అరుగు మీద ఒక పక్క అవ్వ, ఒక పక్క బాపమ్మ, నడుమ నేను. మొదటి నెల వేళ్లు పగిలాయి, తర్వాత మొద్దుబారాయి. నాతో చదివిన పిల్లలు సెలవులకొచ్చి అరుగు ముందు నుంచి పోతుంటే చాటలోకి ఇంకా వంగేదాన్ని. అదంతా ఓర్చుకున్నాను గానీ బాపమ్మ తిట్లు ఓర్చుకోలేకపోయాను. తన పేరు తానే ఇచ్చేసింది కదా, ఇక ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. సాయంత్రం బాపు వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మొదలుపెట్టేది. "సదువుకునే పిల్లను సంకనాకిచ్చినవు గదనే నర్సీ! పేరడిగితె పేరు జెప్పరాదు!" అవ్వ వంచిన తల ఎత్తేది కాదు. బాపు ఒక్కోసారి విసుక్కుని, "ఇగ సాలు తియ్యవ్వా, ఎన్ని దినాలంటవ్ దాన్ని" అని తల్లికే అడ్డుపడేవాడు. ప్రతి తిట్టూ నాదేనని నాకు తెలుసు. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. ఇంకొక్క తప్పు రాస్తివా అన్న బాపు మాట గుర్తొచ్చి, నోట్లోకి వచ్చింది మింగేసేదాన్ని. నా పిరికితనం మీద రావలసిన కోపమంతా బాపమ్మ మీదికి మళ్లించుకున్నాను. ఆమె నీళ్లడిగితే గిన్నె చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. ఆమె చెప్పే కథలకు ఊఁ కొట్టడం మానేశాను.

మళ్లీ వానలొచ్చేనాటికి రెండో కార్డు వచ్చింది. అవ్వ ఫొటో, అవ్వ పేరు. బాపు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, సంతకు పోయి నాకు రేకు పెట్టె తెచ్చాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదాయన. కరీంనగర్‌లో కాలేజీ, తర్వాత డిగ్రీ, తర్వాత నౌకరి. బాపమ్మ మాత్రం అదే అరుగు మీద, తన పేరు లేని పుస్తకానికి, కోడలి పేరు మీద చివరిదాకా బీడీలు చుట్టింది. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా పోయింది.

ఇప్పుడు కార్డు ఎక్కడుందో ఫోన్ చెబుతుంది. పేరు తప్పు పడితే అరగంటలో సరిచేయించుకోవచ్చు. అప్పటి రోజులే బాగుండేవని నేననను. ఒక్క గీతలో పడ్డ తప్పుకు ఒక పిల్ల ఏడాదీ, ఒక ముసలిదాని పేరూ పోయే రోజులు బాగుండేవని ఎట్లా అంటాను? అయితే ఒకటుంది. ఇప్పుడు కార్డు కోసం ఎదురుచూసేది నేనూ నా ఫోనూ. అప్పుడు వాడకట్టంతా ఎదురుచూసేది. ఎవరి కార్డు ఎందుకు రాలేదో, వస్తే ఎవరింట్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసేది. నాకు తెలిసిందానికన్నా వాళ్లకు చాలా ఎక్కువ తెలుసునన్న సంగతి నాకు నిన్నటిదాకా తెలియదు.

నిన్న పొద్దున ఫోన్ తెరిస్తే అచ్చుకు పంపబడింది అని వచ్చింది. అవ్వ ముందు మెంతికూర కట్ట ఉంది, ఆకులు గిల్లుతోంది. నేనూ కూర్చుని రెండు కాడలు అందుకున్నాను. ఏం ధైర్యమొచ్చిందో, "అవ్వా, గా ఫారం రాసింది నేనే గదా" అన్నాను.

"ఎర్కే" అంది.

"నువ్వు రాజవ్వ అన్నవు. నేను మొఖం సూడకుంట రాసిన. అవ్వ పేరు నాకు తెల్వదా?"

"నువ్వప్పుడు ఎవ్వల మొఖం సూస్తున్నవు, పెద్ద ఆఫీసరువైతివి" అని నవ్వింది.

"మరి బాపుకు చెప్పకపోతివి?"

"జెప్తె? నిన్ను మల్ల కాయిదం ముట్టనిచ్చునా ఆయన? రెండో కార్డు కాదు, పది కార్డులొచ్చినా పంపకపోవు."

"లైన్ల అందరు సూసిరి గదనే. ఒక్కలన్నా చెప్పకపోయిరా?"

"తెల్లారి ఇంటింటికి పోయి జెప్పొచ్చిన. ఎవ్వలడిగినా ఆఫీసాయనే రాసిండనుమని. అందరు సరే అన్నరు."

మెంతి కాడ నా చేతిలోనే ఉంది. "మరి బాపమ్మకు కూడ చెప్పాల్సింది. ఏడాది పొడుగు తిట్టె నిన్ను" అన్నాను.

అవ్వ గిల్లడం ఆపింది. "ఆమెకు నేను జెప్పుడేందే? గట్ల జెయ్యిమని నాకు జెప్పిందే ఆమె. కార్డు చేతికియ్యంగనె మున్షీ సూసి, గిదేంది పేరొకలది ఫొటో ఒకలది అన్నడు. ఇంటికొచ్చే తొవ్వల ఇద్దరం గట్టు మీద కూసున్నం. 'తప్పు నువ్వు నెత్తికేసుకో నర్సీ. తిట్టుడు నేను తిడ్త. మనమే తిట్టుకుంటె వాడు పొల్ల దిక్కు సూడడు' అన్నది. మీ బాపు ఇనాలెనని తిట్టేది. నువ్వు బోరింగు కాడికి పోంగనె ఇద్దరం నవ్వుకునేటోళ్లం."

"నాకొక్క మాట చెప్పొద్దా అవ్వా?"

"జెప్తె ఏడుస్తుంటివి. నువ్వు ఏడిస్తె ఆయనకు దొరుకుతుంటిమి."

బాపమ్మ పోయిన రోజు నేను ఏడవలేదు. హాస్టల్ నుంచి వచ్చి, ఊరంతా చూస్తుండగా పొడి కళ్లతో నిలబడ్డాను. ఆమె అవ్వను అన్న మాటలే గుర్తొచ్చాయి నాకు. ఎవరో, మనవరాలికి బాధ లోపల గడ్డకట్టిందన్నారు. గడ్డకట్టింది కోపం. నిన్న ఆ మెంతికూర ముందు కూర్చుని, అరవై ఏళ్ల వయసులో, ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాను. అవ్వ కొంగుతో నా ముఖం తుడిచింది. తుడిచేకొద్దీ వస్తుంటే ఇక ఆ ప్రయత్నం మానేసి, గీతల్లేని ఆ చేత్తో నా తల నిమురుతూ, "ఏడ్వు బిడ్డా. ఇప్పుడు మీ బాపు లేడు" అంది.